రెండు నంబర్ల అద్దాలు, ఒక్క అక్షరం

పోయిన ఏడు మా ఇంటామె పోయింది. ఆ తర్వాత ఆమె ట్రంకుపెట్టె సర్దుతుంటే అడుగున ఒక రేకు డబ్బా దొరికింది. కళ్ళద్దాల డబ్బా. తెరిస్తే పైన సూదులు, గుండీలు. కింద పాత గుడ్డముక్కలో చుట్టి నా మొదటి బైఫోకల్ అద్దాలు. ఒక కాడ విరిగిపోయింది. వాటిని ఎందుకు దాచిందో నాకు తెలుసు. నన్ను ఆట పట్టించడానికి ఆ అద్దాలు ఆమెకు ముప్పై ఏళ్ళు పనికొచ్చాయి.

ఆఫీసుల్లో కొత్తగా చేరిన మా బంధువుల పిల్లలు ఎప్పుడైనా ఇంటికి వస్తే, మీ సర్వీసులో గుర్తుండే పని ఒకటి చెప్పమంటారు. నేను వేల కాగితాలు రాశాను. వాటిలో రెంటినే జనం గుమిగూడి విన్నారు. మొదటిది తప్పు కాగితం. అందుకే దాని సంగతి చెబుతాను.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడి నాలుగైదేళ్ళయింది. నేను ఆదిలాబాద్‌లో ఒక సర్కారు ఆఫీసులో తర్జుమా గుమాస్తాని. ఆఫీసు పేరు అనవసరం, ఇప్పుడది ఆ పేరుతో లేదు. నిజాం కాలపు దస్తావేజులన్నీ ఉర్దూలో ఉండేవి. కొత్తగా వచ్చిన అధికారులకు ఉర్దూ రాదు. ఏదైనా పాత కాగితం అవసరమైతే రికార్డు గది నుంచి తీయించి, తెలుగులోకి మార్చి, నకలు మీద సంతకం పెట్టించి ఇవ్వడం నా పని. మంథనిలో పుట్టి ఉర్దూ బడిలో చదువుకున్నవాణ్ణి. రెండు భాషలూ వచ్చని కొంచెం గర్వం కూడా ఉండేది. ఈ గర్వం అనే మాట మళ్ళీ వస్తుంది.

నా ఎదుటి బల్ల మీద మున్షీ సాబ్ కూర్చునేవాడు. ఇంకో రెండేళ్ళలో రిటైర్ కావలసిన మనిషి. షికస్తా రాత చదవడంలో ఆయనను మించినవాళ్ళు జిల్లాలో లేరు. షికస్తా అంటే విరిగినది అని అర్థం. తొందర తొందరగా, అక్షరాలు విరిచి, ఒకదానిలోకి ఒకటి తోసి రాసే రాత. పాత అధికారులందరిదీ అదే రాత. నాకు దాన్ని చదవడం నేర్పింది ఆయనే. ఒక కాడ విరిగిన కళ్ళద్దాలను దారంతో చెవికి కట్టుకునేవాడు. నన్ను "పంతులూ" అని పిలిచేవాడు.

నాకు నలభై రెండో ఏడు వచ్చేసరికి ఫైలును చేయి చాచి పట్టుకుని చదవడం మొదలుపెట్టాను. "పంతులూ, నీ చెయ్యి ఇంక జర పొడుగు పెరగాలె. లేకుంటె ఐనక్ కొను" అన్నాడు మున్షీ సాబ్. సెలవు మీద కరీంనగర్ వెళ్ళినప్పుడు కళ్ళు చూపించుకున్నాను. దూరానికి ఒక నంబరు, దగ్గరికి ఒక నంబరు వచ్చింది. రెండూ ఒకే అద్దంలో పెట్టి ఇస్తారట. పైభాగంలోంచి దూరం చూడాలి, కింద సగం చంద్రుడి ఆకారంలో ఉన్న ముక్కలోంచి చదవాలి. అద్దాల దుకాణదారు నాకు తగిలించి, "పదిహేను రోజులు జర సోయితోని ఉండుండ్రి సార్. మెట్లు చూసి దిగుండ్రి. సన్న అక్షరాల బారీకు పని పెట్టుకోకుండ్రి" అన్నాడు. నేను నవ్వాను. మెట్లు దిగడం నాకు ఇతను నేర్పుతాడా అనుకున్నాను. ఆ దుకాణానికి మూడే మెట్లు. మూడోదాని తర్వాత నాలుగోది ఉందనుకుని దిగాను.

ఆదిలాబాద్ చేరేసరికి నా నడక మారిపోయింది. కిందికి చూస్తే నేల ఒకసారి దగ్గరికి వచ్చేది, ఒకసారి దూరం పోయేది. గడప కనపడగానే మోకాలు ఎత్తి దాటేవాణ్ణి. అక్కడ గడప ఉండేది కాదు. మా చప్రాసీ వరండాలో నిలబడి, "అరె బాబా, సారు పెండ్లి గుర్రం లెక్క నడుస్తుండు" అన్నాడు. నాకు వినపడింది. కళ్ళకు కానీ చెవులకు ఏమీ కాలేదు కదా.

ఇంట్లో మొదటిరోజు అన్నం ముందు కూర్చుని తల వంచితే మెతుకులు ఇంత లావున కనపడ్డాయి. ఏరి ఏరి ఒక రాయి తీసి పక్కన పెట్టాను. రెండోది తీశాను.

"పద్దెనిమిదేండ్ల నుంచి నా బువ్వల రాళ్ళు లేవు. గియ్యాల్లనే వచ్చినయా?" అన్నది మా ఇంటామె.

"ఎప్పుడూ ఉన్నయేమో. నాకు కనపడలేదు."

"కనపడనప్పుడు మంచిగ తిన్నరు గద. తీసి పెట్టుండ్రి ఆ అద్దాలు."

తీయలేదు. అద్దాలకు అలవాటు పడలేకపోయానని ఒప్పుకోవడం నా వల్ల కాలేదు. పైగా కరీంనగర్ పోవాలంటే రోజంతా బస్సు.

అన్నిటికంటే పెద్ద చిక్కు తల ఊపడం. బల్ల మీద పుస్తకం పెట్టుకుంటే అది పైఅద్దానికి మరీ దగ్గర, కింది ముక్కకు కొంచెం దూరం. అక్షరం దొరకాలంటే తల ఎత్తాలి, దించాలి, మళ్ళీ ఎత్తాలి. ఎదుటివాళ్ళ ముఖం చూడాలన్నా అంతే. చూసేవాళ్ళకు నేను ప్రతిదానికీ సరే అంటున్నట్టు ఉండేది. మా అధికారి ఒక పొద్దున ఫైళ్ళ కట్ట చూపించి, "ఇవన్నీ ఈ వారంలో అవుతాయా?" అని అడిగాడు. నేను ఆయన ముఖం వెతుక్కుంటున్నాను. ఆయన "వెరీ గుడ్" అని కట్ట నా బల్ల మీద పెట్టించి పోయాడు.

"నీ తల నీకంటె ముందుగాల్నే ఒప్పుకుంటుంది పంతులూ" అన్నాడు మున్షీ సాబ్.

ఇంట్లో ఆమె సూటిగా గంగిరెద్దు అనేది.

ఆ వారంలోనే అతను వచ్చాడు. ఖానాపూర్ అవతల ఒక ఊరి మనిషి. అరవై దగ్గర పడి ఉంటాయి. పొడుగ్గా, నిటారుగా, తెల్ల రుమాలు చుట్టుకుని ఉన్నాడు. నిజాం కాలంలో అడవి చౌకీదారుగా పనిచేశాడట. కూర్చోమని స్టూలు చూపించాను.

"నిలబడుడే అలవాటు సారూ" అన్నాడు. "పదహారేండ్లు జంగల్ల నౌకరి చేసిన. నా కితాబుల ఆఖరుకు ఏం రాసి నన్ను తీసేసిండ్రో, గది తెలుగుల కావాలె."

"ఇన్నేళ్ళ తర్వాత ఎందుకు?"

"మా కులపంచాయితిల నేను పెద్దమనిషిని. మొన్న ఒక తగువుల తీర్పు చెప్తుంటె అవతలోడు లేసి, నౌకరి ఇడిసి ఉరికిపోయినోడు మాకు న్యాయం జెప్పుడేంది అన్నడు. ఒక్కడు గూడ వాన్ని కూసో అనలే. గప్పటి సంది నేను పంచాయితికి పోతలేను. కాయితం తెచ్చి ముందట పెడ్త అని చెప్పిన. ఐతారం కూసుంటరు."

నేను రికార్డు గదిలోంచి అతని సర్వీసు పుస్తకం తెప్పించాను. చివరి పేజీ తెరిచి పెట్టుకున్నాను. పోలీసు యాక్షన్‌కు ఏడాది ముందటి రాత. విరిగిన అక్షరాలు నా కింది ముక్క అంచు మీద ఈదుతున్నాయి. వాటి కోసం తల ఎత్తుతూ దించుతూ ఉన్నాను.

"నేను ఉరికిపోయిన్నని అండ్ల లేదు గద సారూ?" అని అడిగాడు అతను.

నా తల పైకీ కిందికీ పోతూనే ఉంది.

"సాలు సారూ. గంతే సాలు" అన్నాడు. అతని ముఖం నేను చూడలేదు. అతను నిలబడ్డ దూరం నా రెండు అద్దాల్లో దేనికీ అందేది కాదు.

ఆ మధ్యాహ్నం నకలు రాశాను. అసలు మాటను మఫ్రూర్ అని చదివాను. మఫ్రూర్ అంటే పరారీ అయినవాడు. 'సదరు చౌకీదారు పరారీ అయినందున తొలగించడమైనది' అని శుభ్రంగా తెలుగు చేశాను. అతను పొద్దున అడిగిన ప్రశ్న నాకు గుర్తే లేదు. అధికారి సంతకం అయింది, ముద్ర పడింది. రెండురోజుల తర్వాత చప్రాసీ దాన్ని లిఫాఫాలో పెట్టి అంటించి అతనికి ఇచ్చాడు. అతనికి చదువు రాదు. నా తల మీద నమ్మకం పెట్టుకుని లిఫాఫా విప్పకుండానే తీసుకుపోయాడు.

ఆదివారం దాటి మంగళవారం మళ్ళీ వచ్చాడు. ఆ కాగితాన్ని నా బల్ల మీద పరిచాడు.

"లిఫాఫ అందరి ముందట నేనే చించిన. బడిపంతులు చేతికిచ్చి సదువుమన్న" అన్నాడు. "గట్టిగ సదువు, ఎనకున్నోళ్ళకు గూడ వినపడాలె అని గూడ అన్న సారూ."

నేను కాగితాన్ని నా వైపు తిప్పుకున్నాను.

"నువ్వు తల ఊపినవు. నేను నా కండ్లతోని జూసిన. లేదు గద అంటె ఊపినవు."

ఇప్పుడు చెప్పడానికి సిగ్గుగా ఉంది, కానీ నేను అప్పుడు అన్న మాట ఇది: "రికార్డుల అట్లనే ఉంది. నేను రాసింది కాదు."

అతను కదలలేదు. అప్పుడు మున్షీ సాబ్ లేచి వచ్చి, పుస్తకం తెప్పించి, నా ముందే పెట్టాడు. "పంతులూ, నీ కొత్త ఐనక్ తీసి పక్కన పెట్టు. పుస్తకం చేతుల పట్టుకొని, చెయ్యి చాపి, పాత లెక్క చదువు" అన్నాడు.

అద్దాలు తీశాను. చేయి చాచాను. అక్షరాలు మసకగా ఉన్నా ఈదడం మానేశాయి.

మఫ్రూర్ కాదు. మగ్రూర్.

తెలియనివాళ్ళ కోసం చెబుతున్నాను. ఉర్దూలో ఈ రెండు మాటలకూ తేడా నడుమనున్న ఒక్క అక్షరం. ఒకదానిలో ఫే, ఇంకొకదానిలో గైన్. రెంటికీ నెత్తిన ఒకటే చుక్క. ఫే తల గుండ్రంగా ఉంటుంది, గైన్ తల కాస్త చదునుగా ఉంటుంది. అచ్చులో ఎవరైనా గుర్తుపడతారు. విరిగిన రాతలో, కదిలే అద్దంలో ఆ చదును నాకు గుండ్రమై కనపడింది. మగ్రూర్ అంటే గర్వం తలకెక్కినవాడు.

"అక్షరం సంగతి ఇడిసిపెట్టు" అన్నాడు మున్షీ సాబ్. వేలు కిందికి జరిపాడు. రాత కింద, అదే తారీకున, బిళ్ళా నడుముపట్టీ అప్పగించినట్టు చౌకీదారు వేలిముద్ర ఉంది. "పరారీ అయినోడు ఆగి, ఏలుముద్ర ఏసి, పరారీ అయితడా? గిది చూసెతందుకు ఏ నంబరు అద్దం కావాలె?"

అక్షరం తప్పు కళ్ళద్దాల మీదికి తోయవచ్చు. వేలిముద్రను చూడకపోవడం మాత్రం నా తప్పే.

మున్షీ సాబ్ అతని వైపు తిరిగి, "ఏం చేసినవు భాయ్, నీకు మగ్రూర్ అని రాసిండు?" అని అడిగాడు.

"మా జంగల్ సాబు పులిని కొట్టిన్నని పట్నం నుంచి దోస్తులను పిలిపిచ్చుకున్నడు. మోటర్ల వచ్చిండ్రు. నన్ను పిలిచి, ఎంత పెద్ద పులో వీళ్ళకు చెప్పు అన్నడు. నేను వంగి జూసిన. సాబ్, గిది పులి గాదు, దుమ్ములగొండి అన్న."

"అందరి ముందటనా?"

"అడిగింది అందరి ముందటనే గద."

మున్షీ సాబ్ కళ్ళు మూసుకుని నవ్వాడు. చెవికి కట్టిన దారం ఊగింది.

"బిళ్ళ ఇచ్చి పో అన్నడు. ఇచ్చిన. ఏలు ఒత్తిన. ఇంటికి నడిసిపోయిన సారూ. ఉరకలే" అన్నాడు అతను.

దుమ్ములగొండి పులిగా కనపడ్డ ఆ అధికారి మీద నాకు కోపం రావలసింది. రాలేదు. ఆయన కూడా అప్పుడే కొత్త అద్దాలు పెట్టించుకుని ఉంటాడేమో అనిపించింది.

కొత్త నకలు రాయడానికి కూర్చున్నాను. 'అహంకారి అయినందున' అని రాసి చదివి వినిపించాను.

"అహంకారి అంటె?"

"గర్వం ఉన్నవాడు."

"మా దిక్కు గట్ల ఎవ్వలనరు. పొగరు అంటరు. గదే రాయి."

"సర్కారు కాగితంలో ఆ మాట వాడరు" అన్నాను. అంత జరిగిన తర్వాత కూడా నాకు భాష మీద పట్టింపు పోలేదు.

"తప్పు మాట మంచి తెలుగుల రాసినవు" అన్నాడు మున్షీ సాబ్. "సరైన మాట మోటు తెలుగుల రాసెతందుకు సిగ్గా?"

"రాయి సారూ" అన్నాడు అతను. "పొగరున్న మాట నిజమే. గది నేను కాదన్ననా?"

రాశాను. 'సదరు చౌకీదారుకు పొగరు ఉన్నందున తొలగించడమైనది.' మొదటి నకలు తప్పని, రద్దు చేయాలని ఒక చీటీ కూడా రాసి రెండూ అధికారి ముందు పెట్టాను. అతను నా వెనకే వచ్చి తలుపు దగ్గర నిలబడ్డాడు.

అధికారి రెండు కాగితాలూ చూశాడు. "పొగరా? ఇదేం భాష? మొదటిది ఎవరి తప్పు? రికార్డు గదివాళ్ళదా, నీదా?"

నేను తల ఊపాను. ఈసారి అక్షరం కోసం కాదు. నోరు రాక ఊపాను. దేనికి అవునన్నానో ఆయనకు అర్థం కాలేదు. అర్థం కాకపోతే మేలనే ఆశ నాలో కొంత ఉంది.

తలుపు దగ్గర నుంచి గొంతు వినపడింది. "తల ఊపుడు గాదు సారూ. నోటితోని చెప్పు."

"తప్పు నాదే సార్" అన్నాను.

అధికారి చాలాసేపు తిట్టాడు. అవన్నీ న్యాయమైనవే. తర్వాత సంతకం పెట్టాడు. లిఫాఫా అంటించడానికి చప్రాసీ జిగురు తెచ్చాడు. అతను వద్దన్నాడు.

"మొదటి కాయితం బడిపంతులు సదివిండు. గిదిగూడ ఆయనే సదివితే, రెండోది పుట్టిచ్చి తెచ్చిండంటరు. రాసినోనివి నువ్వు వచ్చి సదువు. ఐతారం."

ఆ సంగతి ఇంట్లో ఆమెకు చెప్పాను. "పోయి రాండ్రి. కాలువ గిట్ల ఉంటె అద్దాలు తీసి దాటుండ్రి" అన్నది. రొట్టెలు కట్టి ఇచ్చింది.

రెండు బస్సులు మారి, మూడు మైళ్ళు నడిచి పోయాను. బడి వరండాలో చాపలు పరిచి ఉన్నాయి. ముప్పై నలభై మంది ఉన్నారు. అతను ఒక పక్కన, స్తంభం దగ్గర నిలబడి ఉన్నాడు. చాప మీద నడుమ ఒక మనిషి పట్టేంత ఖాళీ ఉంది. అది అతని జాగ అని ఎవరూ చెప్పకుండానే అర్థమైంది.

వరండాకు ఒకటే మెట్టు. నేను రెండు ఎక్కాను. లేని రెండో మెట్టు మీద కాలు పెట్టి ముందుకు తూలితే ఒకాయన రెండు చేతులతో పట్టుకుని ఆపాడు. "పైలం సారూ, పైలం" అన్నాడు. ఉరికిపోయినోడు అన్నది ఆ మనిషే అని తర్వాత తెలిసింది.

నిలబడి కాగితం విప్పాను. నా చేతిరాతే. అయినా వరుస దొరకలేదు. తల ఎత్తాను, దించాను, ఎత్తాను.

వెనక నుంచి ఒక ముసలామె గట్టిగా అడిగింది. "గా సారు అవునంటుండా, కాదంటుండా?"

నవ్వులు లేచాయి. స్తంభం దగ్గర నుంచి అతను అన్నాడు: "తల జూడకుండ్రి. నోరు వినుండ్రి."

అద్దాలు తీసి జేబులో పెట్టాను. చేయి చాచాను. మొదట రాసింది తప్పని, ఆ తప్పు రాసింది నేనేనని, ఇతను పరారీ కాలేదని, బిళ్ళ అప్పగించి వేలిముద్ర వేసి పోయాడని చెప్పాను. తర్వాత నకలు చదివాను. పొగరు అనే మాట దగ్గర ఆగి, ఇంకోసారి చదివాను. వెనకున్నవాళ్ళకు కూడా వినపడాలని.

మెట్టు దగ్గర నన్ను పట్టుకున్నాయనే ముందుగా అన్నాడు: "వీనికి పొగరున్నదని చెప్పెతందుకు సర్కారు కాయితమా? ఊరంత ఎరుకే గద!"

ముసలామె అందరికంటే గట్టిగా నవ్వింది. చాప మీద ఒక పెద్దాయన పక్కకు జరిగి, ఖాళీ జాగను అరచేత్తో రెండుసార్లు తట్టాడు. అతను వచ్చి కూర్చున్నాడు. అతను కూర్చోగా చూడటం నాకు అదే మొదలు.

ఆ తర్వాత నెలలో కరీంనగర్ పోయి దుకాణదారుకు అద్దాలు చూపించాను. ఆయన నా ముక్కు మీద పెట్టి చూసి, ముక్కు దగ్గర తీగను చిన్న పట్టకారతో కొద్దిగా వంచాడు. "చట్రం కిందికి జారి ఉంది సార్. చదివే ముక్క దిగువకు పోతె తల ఊపక ఏం చేస్తరు?" అన్నాడు. అంతే. నిమిషం కూడా పట్టలేదు. దాని తర్వాత నేల నేల మీదే ఉంది, అక్షరాలు నిలబడ్డాయి. మున్షీ సాబ్‌కు చెబితే, "తీగ నీ మెడల గూడ ఒకటుంది పంతులూ, గది కూడ వంచిపిచ్చుకోకపోయినవా?" అన్నాడు. ఆయన రిటైరై బోధన్ వైపు పోయాడు. చనిపోయినట్టు కబురు అందేసరికి నెల దాటింది.

ఇంట్లో ఆమెకు మాత్రం ఒక మాట దొరికింది. ఏది అడిగినా, నేను పుస్తకంలోంచి తల ఎత్తకుండా ఊపితే, "తల ఊపుడు గాదు. నోటితోని చెప్పుండ్రి" అనేది. కూరలో ఉప్పు సరిపోయిందా అన్నా అదే. చుట్టాల ముందు కూడా అదే. నేను విసుక్కునేవాణ్ణి. తర్వాత నోటితో చెప్పేవాణ్ణి.

పోయిన ఏడు కరీంనగర్ దవాఖానలో, ఆఖరి వారం, ఒక సాయంత్రం నా వైపు తిరిగి, "ఇంటికి పోతమా?" అని అడిగింది. ఇంక లాభం లేదని డాక్టరు నాకు అప్పటికే చెప్పాడు. నేను తల ఊపాను.

ఆమె కొంచెంసేపు నా ముఖం చూసింది. ఆ ఒక్కసారి నోటితో చెప్పమని అనలేదు.